పైనుంచి చూసిన పోడు

మార్చి నెలాఖరు నుంచి వానలు పడేదాకా నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాట్ ఎక్కేవాళ్లకు ఎదురు కొండల మీద నల్లటి మచ్చలు కనిపిస్తాయి. పోడు కోసం కొట్టి ఎండబెట్టిన తుప్పకు నిప్పు పెట్టిన చోట్లు అవి. వాటి పక్కనే నిరుడు సామలు పండిన వాలు, మోడుల మధ్య ఎండిన దంట్లతో బోసిగా ఉంటుంది. దాన్ని ఆనుకుని అయిదారేళ్ల కిందట వదిలేసిన చెక్క ఉంటుంది. అందులో మనిషెత్తు దాటిన పిలకలు, వెదురు పొదలు, తీగలు. ఇంకా పైన, ఊటల చుట్టూ, గొడ్డలి పడని అడవి. ఒకే కొండ మీద నాలుగు వయసుల నేల. దారిన పోయేవాళ్ల కళ్లు మాత్రం నల్ల మచ్చ దగ్గరే ఆగిపోతాయి. 705 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ల్యాండ్‌శాట్ ఉపగ్రహం ఒక్క చిత్రం తీసి ఊరుకుంటే అదీ అక్కడే ఆగుతుంది. పోడు వల్ల పోయే అడవిని లెక్కగట్టాలంటే ఏ ఏడు ఎంత కొట్టారన్నది సరిపోదు. ఒకసారి కొట్టినదానికీ మళ్లీ కొట్టినదానికీ మధ్య ఆ నేల ఎన్నేళ్లు బీడుగా ఉందో చెప్పాలి. ఆ సంగతి చెప్పగల చిత్రాలు మన దగ్గర మూడున్నర దశాబ్దాలకు పైగా పోగుపడి ఉన్నాయి. వాటిని వరసగా చదవకుండా ఏదో ఒక తేదీ చిత్రంతో తీర్పు చెప్పడం వల్ల ఈ కొండల మీద రెండు నష్టాలు జరుగుతున్నాయి. మళ్లీ పెరిగే అడవిని పోయిన అడవి కింద రాస్తున్నాం. నిజంగా పోయిన అడవిని ఉన్న అడవి కింద రాస్తున్నాం. లంబసింగి నుంచి చింతపల్లి, సీలేరు, డొంకరాయి మీదుగా మారేడుమిల్లి దాకా సాగే దారిలో ఈ రెండూ కంటికి కనబడతాయి.

ముందు ఆ నల్ల మచ్చలోకి దిగి చూడాలి. మొదలంటా నరికిన చెట్టు అక్కడ తక్కువ. మోకాలెత్తునో నడుమెత్తునో మోడు వదిలి పైభాగం కొడతారు. ఇప్ప, చింత, పనస, మామిడి, జీలుగు చెట్ల జోలికి గొడ్డలి వెళ్లదు; పువ్వో కాయో కల్లో ఇచ్చే చెట్టు పొలం మధ్యలో అలాగే నిలబడి ఉంటుంది. బూడిద చల్లారి తొలకరి పడగానే చోడి, సామ, కొర్ర, జొన్న, కంది కలిపి వేస్తారు. నిటారు వాలు మీద నాగలి కట్టరు, గునపంతోనో మొనదేలిన కర్రతోనో నేల కదిపి గింజ వేస్తారు. దాంతో మోడు కింద వేరు బతికే ఉంటుంది. రెండు మూడేళ్లు పండి, సారం తగ్గి, కలుపు ముదిరాక చెక్కను వదిలేస్తే ఆ వేరు నుంచే పిలకలు లేస్తాయి. గింజ పడి మొలిచే చెట్టుకంటే మోడు నుంచి లేచే చెట్టు చాలా ముందుగా గొడుగు పడుతుంది. అదే వాలు మీద యంత్రం పెట్టి మోడులు పెకలిస్తే కథ మారిపోతుంది. వేరు పోయిన నేలకు అడవి తిరిగి రావాలంటే గింజలు ఎక్కడి నుంచో రావాలి, మట్టి అప్పటిదాకా నిలవాలి. ఈ రెండు రకాల చెక్కలూ ఏప్రిల్ నెల ఉపగ్రహ చిత్రంలో ఒకేలా ఉంటాయి. వాటి తేడా నేల లోపల ఉంది. అది పైకి తేలేది ఆ తర్వాతి ఏళ్లలోనే.

ఈ దారికి ఉన్న చరిత్ర కూడా ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే పోడును మచ్చగా చూడడం ఉపగ్రహంతో మొదలు కాలేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో మన్యం కొండలు రిజర్వు అడవులుగా మారుతూ వచ్చాయి, పోడు నేరమైంది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండ జనం చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. పోడు మీద ఆంక్షలూ ఆ చాకిరీ కలిసి 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దాడికి దారితీశాయి. అప్పటి అటవీ అధికారి గుర్రం మీద వచ్చి బూడిద చూసి నష్టం రాసుకునేవాడు. ఆ వాలు పదేళ్ల కిందట ఎలా ఉందో, పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో తెలుసుకునే సాధనం అతని దగ్గర లేదు. ఇప్పుడున్న అధికారికి ఆ సాధనం ఉంది. కాబట్టి పాత చూపును కొనసాగించడానికి ఇప్పుడు కారణం కనిపించదు.

ఉపగ్రహం ఏం చూడగలదో, ఏది చూడలేదో అంకెల్లో చెప్పుకుందాం. ల్యాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లు, అంటే 900 చదరపు మీటర్లు, మన కొలతలో 22 సెంట్లు. ఎకరం పోడు చెక్క నాలుగైదు పిక్సెళ్లు. చెక్క అంచు పిక్సెల్ గీతలతో కలవదు గనుక, పూర్తిగా లోపల పడే పిక్సెల్ ఒకటో రెండో. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా మన రిసోర్స్‌శాట్ చిత్రాలు వాడుతుంది, పిక్సెల్ 23.5 మీటర్లు, అయితే పటం మీద గీసే అతి చిన్న తునక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఎకరం చెక్క అందులో విడిగా కనిపించదు, చుట్టూ ఉన్నదానిలో కలిసిపోతుంది. 2015 నుంచి తిరుగుతున్న సెంటినెల్-2 పిక్సెల్ 10 మీటర్లు, రెండున్నర సెంట్లు మాత్రమే. పొలం మధ్య వదిలిన చింతచెట్టు జాడ కూడా దానికి అందుతుంది. కొండవాలు లెక్క ఇంకొకటుంది. 30 డిగ్రీల వాలు మీద కొలిచిన ఎకరం పటం మీద 87 సెంట్లకు దిగిపోతుంది. పట్టా ఇచ్చేటప్పుడు ఈ 13 సెంట్లు ఎవరివన్నది చిన్న ప్రశ్న కాదు.

అంతకంటే పెద్ద చిక్కు ఋతువుది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ కొండల మీద మబ్బు వీడదు. వాన వెలిశాక దొరికే చిత్రాలు తేటగా ఉంటాయి, ఆకు నిండుగా ఉంటుంది, అందుకే దేశవ్యాప్త అటవీ పటానికి ఆ నెలలనే ఎంచుకుంటారు. ఆ సమయానికి పోడులో చోడి, కంది పచ్చగా ఉంటాయి, లేదా వలిసెలు పసుపు పూత మీద ఉంటాయి. బూడిద మీద అప్పటికే కలుపు కప్పేసి ఉంటుంది. పోనీ, నిప్పు పెట్టే మార్చి, ఏప్రిల్ నెలల్లో చూద్దామంటే, ఆ రోజుల్లో ఇక్కడి ఆకురాల్చే అడవి మొత్తం బోసిపోయి ఉంటుంది. కొట్టిన చెక్కకూ ఆకు రాలిన అడవికీ తేడా మసకబారుతుంది. చలికాలంలో ల్యాండ్‌శాట్ ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళ్లేటప్పుడు సూర్యుడు ఆగ్నేయంగా, కిందుగా ఉంటాడు గనుక వాయవ్యం వైపు వాలులు నీడలో పడి నల్లగా వస్తాయి. ఇన్ని పరిమితులున్న ఒక్క చిత్రాన్ని తెచ్చి ఫలానా చోట అడవి పోయిందని చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం మనవాళ్లకే కాదు, ప్రపంచమంతటా ఉంది. మేరీలాండ్ విశ్వవిద్యాలయం 2013లో వెలువరించిన ప్రపంచ అటవీ మార్పు పటం గొప్ప పని, ఈ రంగంలో అందరూ దానిమీదే నిలబడ్డారు. కానీ అందులో 5 మీటర్లు దాటిన చెట్టే చెట్టు. పోయినది ఏ ఏట పోయిందో చెబుతుంది, తిరిగి పెరిగినదాన్ని అలా ఏటేటా చెప్పదు. ఒక పిక్సెల్‌కు నష్టం ఒకే సంవత్సరంగా నమోదవుతుంది. ఇరవై ఏళ్లలో రెండుసార్లు కొట్టి, రెండుసార్లు పెరిగిన చెక్క ఆ పటంలో ఒక్కసారి పోయిన అడవి. 2018లో వచ్చిన మరో అధ్యయనం 2001–2015 మధ్య ప్రపంచ అటవీ నష్టంలో 24 శాతం పోడు తరహా సేద్యానిదని తేల్చింది. నూనె గింజలు, పశువుల మేత, గనుల వంటి వాటి కోసం శాశ్వతంగా పోయినది 27 శాతం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి కూడితే వచ్చే మొత్తానికి అర్థం లేదు. మొదటిదానిలో చాలా భాగం తిరిగి వచ్చేది, రెండోది రానిది.

చింతపల్లి దాటి ఆర్.వి. నగర్ వైపు వెళ్తే దీనికి సరిగ్గా ఎదురు తప్పు కనిపిస్తుంది. దారికి రెండు వైపులా సిల్వర్ ఓక్ చెట్లు వరసలు తీరి, వాటి మొదళ్లకు మిరియాల తీగలు, కింద కాఫీ. పోడు మాన్పించాలన్న ఉద్దేశంతోనే అటవీ అభివృద్ధి సంస్థ, ఐటీడీఏ ఈ తోటలను పెంచాయి. చాలా కుటుంబాలకు చేతిలో డబ్బు ఆడేలా చేసిన పంట ఇది, దాన్ని తప్పుపట్టే పని లేదు. అయితే పటం సంగతి వేరు. హెక్టారుకు తగ్గని నేలలో చెట్ల నీడ 10 శాతం ఉంటే చాలు, అది ఎవరిదైనా, ఏ జాతి చెట్టయినా, మన అధికారిక లెక్కలో అడవే. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్ ఒకే జాతిగా నిలబడ్డ కొండ అలా అడవిగా నమోదవుతుంది. పక్క వాలులో పన్నెండేళ్ల బీడు కొట్టిన చెక్క అడవి కాని నేలగా నమోదవుతుంది. ఫారెస్ట్ సర్వే 2021 నివేదికలో దేశమంతటా ఎక్కువ అటవీ విస్తీర్ణం పెరిగిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, 647 చదరపు కిలోమీటర్లు. తర్వాత తెలంగాణ, 632. అదే నివేదికలో ఈశాన్య రాష్ట్రాలు 1,020 చదరపు కిలోమీటర్లు కోల్పోయాయి, చెప్పిన కారణాల్లో పోడు ఒకటి. మనకు పెరిగినదంతా తోటలే అనడం నా ఉద్దేశం కాదు, వాళ్లకు తగ్గినదంతా తిరిగి వచ్చేదేనని కూడా అనలేను. ఆ రెండు అంకెల్లో ఏది ఎంతో విడదీసి చెప్పే వీలు ఆ నిర్వచనంలో లేదు. అడవి పెరిగిందన్న వార్తకు సంబరపడే ముందు తెలుసుకోవలసింది ఇదే.

దీనికి మందు వరస చిత్రాలే. 1984 నుంచి 30 మీటర్ల ల్యాండ్‌శాట్ చిత్రాలు ఉన్నాయి, 2008 నుంచి ఎవరైనా డబ్బు కట్టకుండా తీసుకోవచ్చు. 1988 మార్చిలో మన ఐఆర్ఎస్-1ఎ ఎగిరింది. హైదరాబాద్‌లోని జాతీయ సుదూర సంవేదన కేంద్రం దగ్గర అప్పటినుంచి సొంత చిత్రాలున్నాయి. ఒక పిక్సెల్‌ను పట్టుకుని ఇన్నేళ్లలో అది ఎలా మారిందో గీస్తే కొండ చరిత్ర బయటపడుతుంది. ఇక్కడ ఏ కాంతిలో చూస్తున్నామన్నది ముఖ్యం. పచ్చదనాన్ని కొలిచే మామూలు సూచికను నమ్ముకుంటే మోసపోతాం, ఎందుకంటే కలుపు మొలిచినా అది పైకి లేస్తుంది. రెండు మూడేళ్లకే బీడు అడవంత పచ్చగా కనబడుతుంది. షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ అలా కాదు. ఆకుల్లోని తేమకూ చెట్ల గొడుగులో పడే నీడకూ అది స్పందిస్తుంది గనుక, కొమ్మలు నిజంగా కమ్ముకునేదాకా పాత స్థాయికి రాదు. ఆ కాంతితో గీసిన పోడు చెక్క గీత రంపపు పళ్లలా ఉంటుంది: కొట్టిన ఏడు నిలువునా పతనం, తర్వాత ఏళ్ల తరబడి మెల్లగా ఎక్కడం, మళ్లీ పతనం. రెండు పళ్ల మధ్య దూరమే బీడు. కాఫీ తోట గీత ఒకసారి పడి, ఎక్కి, తర్వాత తిన్నగా సాగుతుంది. ఏటా దున్నే చేను అడుగునే ఉండిపోతుంది. తుపాను కూడా తన గుర్తు వదులుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటి అరకు, అనంతగిరి వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్‌లను కూల్చేసింది. ఆ ఏటి పతనాలను తేదీ చూడకుండా పోడు ఖాతాలో వేస్తే గాలి చేసిన నష్టానికి గిరిజన రైతు జవాబు చెప్పవలసి వస్తుంది.

సీలేరు చేరితే గీత మరో రకంగా కనిపిస్తుంది. గుంటవాడ, డొంకరాయి జలాశయాల కింద మునిగిన లోయలు, విద్యుత్ తీగల కింద నరికిన బాటలు, మన్యంలోనే మరోచోట కొండలు తొలిచి వెడల్పు చేసిన రాజమహేంద్రవరం–అరకు జాతీయ రహదారి, ఇవన్నీ పడి లేవని గీతలు. ఇవి అనవసరమని కాదు, విద్యుత్తూ రోడ్డూ ఈ కొండల వాళ్లకూ కావాలి. కాకపోతే వీటిలో పోయిన హెక్టారు ఎప్పటికీ పోయినట్టే. దాన్నీ పన్నెండేళ్లకు తిరిగొచ్చే హెక్టారునూ ఒకే గడిలో రాసినంతకాలం, చేతిలో గొడ్డలి కనిపించే మనిషే అడవికి శత్రువుగా తేలుతూ ఉంటాడు.

ఈ గడి తప్పు కాగితం మీద ఆగిపోతే ఇంత బాధపడనక్కర్లేదు. అటవీ హక్కుల చట్టం ప్రకారం సొంత సాగుకు పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికి ఆ నేల సాగుదారు స్వాధీనంలో ఉండాలి. పదేళ్ల చక్రంలో అయిదారు చెక్కలు మార్చుకుంటూ పోయే కుటుంబానికి ఆ రోజున పంట ఉన్నది ఒక చెక్కలో, మహా అయితే రెండింటిలో. మిగిలినవి ఆనాటి చిత్రంలో అడవి. రైతు తరతరాలుగా నేలకు విశ్రాంతి ఇచ్చినందుకే ఆ నేల అతనిది కాదన్నట్టు తేలుతుంది. ఏటా దున్ని, మోడులు పీకేసిన వాడికి మాత్రం అదే చిత్రం సాక్ష్యమవుతుంది. తెలంగాణలో 2023లో పట్టాలు పొందిన పోడు భూముల్లో చాలా భాగం ఏటా పత్తి, మొక్కజొన్న వేసే స్థిరమైన చేలు. అలాంటి చోట ఒక తేదీ చిత్రం కొంతవరకు న్యాయం చెయ్యగలదు. మారేడుమిల్లి వైపు కొండరెడ్ల వాలుల మీద అది చెయ్యలేదు. చట్టం రాసినవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. 2012లో సవరించిన నిబంధనలు ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమేనని, వాటికి బదులు కాదని స్పష్టంగా చెప్పాయి. కొండరెడ్ల వంటి ఆదిమ గిరిజన సమూహాలకు మొత్తం ఆవాస ప్రాంతం మీద హక్కు అడిగే వీలు చట్టంలోనే మూడో సెక్షన్‌లో ఉంది. తిరిగే సేద్యానికి సరిపోయే హక్కు అదే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. పాత రోజుల పోడు వేరు, ఇప్పుడు చక్రం మూడు నాలుగేళ్లకు కుదించుకుపోయింది, ఇక దాన్ని తిరిగొచ్చే అడవి అనడం ఆత్మవంచన అంటారు. చాలా కొండల మీద ఇది నిజం. అయిదేళ్లకు ముందే కొడితే మోడులు నీరసిస్తాయి, గడ్డీ తుప్పా మిగులుతాయి, మట్టి గెడ్డల పాలవుతుంది. కానీ ఈ మాట నా వాదనకు బలమే. చక్రం ఎక్కడ కుదించుకుపోయిందో, ఎక్కడ ఇంకా నిలబడి ఉందో ఊరివారీగా చెప్పగలిగేది బీడు కొలతే, కొట్టిన ఎకరాల మొత్తం కాదు. చక్రం ఎందుకు కుదించుకుపోయిందో కూడా అదే వరస చూపిస్తుంది: రిజర్వు హద్దులు, తోటలు, జలాశయాలు తిరిగే చోటును ఎంత మింగాయో, మిగిలిన కాస్త నేల మీద పెరిగిన కుటుంబాలు ఎన్నిసార్లు తిరగవలసి వచ్చిందో. మరో అభ్యంతరం ఇంకా లోతైనది. బీడు ఎంత బాగా పెరిగినా పాత అడవి కాదు. దీన్ని ఒప్పుకోవాలి. అమెరికా ఖండపు ఉష్ణమండల అడవుల మీద 2016లో వచ్చిన విస్తృత అధ్యయనం ప్రకారం వదిలేసిన నేల పాత అడవి బరువులో 90 శాతానికి చేరడానికి మధ్యస్థంగా 66 ఏళ్లు పడుతుంది. ఏ పోడు చక్రమూ అంతసేపు ఆగదు. ఊటల చుట్టూ ఉన్న ముదురు అడవిలో గొడ్డలి పడితే అది నష్టమే, దానికి మినహాయింపు లేదు. వరస చిత్రాల్లో 1988 నుంచి ఒక్కసారీ పడని గీత మొదటిసారి పడితే ఆ చోటు విడిగా కనిపిస్తుంది. అధికారి పరుగెత్తవలసింది అక్కడికి. పదేళ్ల బీడును మళ్లీ కొట్టిన చోటికి కాదు.

ఇంత చక్కటి కొలత అధికారుల చేతికిస్తే కేసులు పెట్టడానికే వాడతారన్న భయం కొండ ఊళ్లలో ఉంది, అది ఊరికే పుట్టిన భయం కాదు. నిప్పు హెచ్చరికలు పంపే విఐఐఆర్ఎస్ పరికరం పిక్సెల్ 375 మీటర్లు, దాదాపు 35 ఎకరాలు. అందులో ఎకరం చెక్క కాలినా పిక్సెల్ మొత్తం వెలుగుతుంది. అది పోడు మంటో, ఇప్పపువ్వు ఏరడానికి ఆకు కాల్చిన మంటో, కార్చిచ్చో ఆ ఎర్ర చుక్క చెప్పదు. ఫోన్‌లో చుక్క చూసి బయలుదేరే గార్డుకు మొదట తగిలేది గొడ్డలి పట్టుకున్న మనిషే. ఈ భయానికి జవాబు చిత్రాలను దాచడంలో లేదు, ఊరి చేతిలో కూడా పెట్టడంలో ఉంది. సాక్ష్యాన్ని గుర్తించే మొదటి అధికారం గ్రామసభదే గనుక పటం ముందు అక్కడికి రావాలి. ఫలానా గీత ఎందుకు పడిందో, హుద్‌హుద్‌కు ముందా తర్వాతా, ఆ చెక్క ఎవరిది, ఆ ఏడు ఏం వేశారు, ఎప్పుడు వదిలేశారు, ఇవి చెప్పగలిగింది ఆ ఊరి పెద్దలే. పిక్సెల్ దగ్గర తేదీ ఉంది, కారణం వాళ్ల దగ్గర ఉంది. ఈ పని మారేడుమిల్లి, వై. రామవరం మండలాల కొండరెడ్ల ఊళ్లతో మొదలుపెట్టడం మేలు. అక్కడ చక్రం ఇంకా పూర్తిగా తెగిపోలేదు, ఆవాస హక్కు అడగడానికి చట్టంలో తలుపు తెరిచే ఉంది. ఒక్కో ఊరికి 1988 నుంచి బీడు ఏళ్ల పటం గీసి, గ్రామసభలో సరిచూసి, హక్కు దరఖాస్తుతో జతచెయ్యడానికి కొత్త ఉపగ్రహం ఏదీ ఎగరనక్కర్లేదు. పాత చిత్రాలు తీసి చదివే మనుషులు కావాలి, ఆ చదువు కొండ మీద జరగాలి.